పీకడం కాదు, తొంగిచూడడం
పాత బేసిక్ ప్రోగ్రాములు మెషీను అమరికలను మెమరీలోంచి చదివిన తీరు

1980లలో అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లో చాలామంది ఇంటికో, క్లినిక్కుకో, చిన్న ఆఫీసుకో ఒక పర్సనల్ కంప్యూటరు కొన్నారు. దానితోపాటే బేసిక్ అనే భాష కూడా వచ్చింది. వేరే సాఫ్ట్‌వేరు కొనాలంటే వందల డాలర్లు. అందుకని డాక్టర్లు రోగుల జాబితాలు, ఇంజనీర్లు తమ లెక్కలు, సంఘాల కార్యదర్శులు సభ్యుల చిరునామాలు, జ్యోతిషం మీద మక్కువ ఉన్నవారు జాతక చక్రాలు, అన్నీ ఆ భాషలోనే సొంతంగా రాసుకున్నారు. ఆ ఫ్లాపీలు, చిల్లుల అంచు కాయితాల మీద తీసిన ఆ ప్రింటవుట్లు కొన్ని ఇళ్ళ బేస్‌మెంట్లలో అట్టపెట్టెల్లో ఇంకా భద్రంగా ఉన్నాయి.

ఇప్పుడు ఆ పెట్టె తెరిచి, సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న అబ్బాయికో అమ్మాయికో అప్పగిస్తే, వాళ్ళు సగం దాకా గబగబా చదివి ఒక వాక్యం దగ్గర ఆగిపోతారు. డెఫ్ సెగ్ = 0 అని ఉంటుంది. దాని కింద పీక్(1040) అని ఉంటుంది. ఏమిటీ 1040? మనం ఏటా ఏప్రిల్ నెలలో నింపే ఆదాయపు పన్ను ఫారం మాత్రం కాదు!

ఈ అంకెల అర్థం తెలియకపోతే కొంపలేం మునగవు అనుకోవచ్చు. కాని ఆ ప్రోగ్రాముతో దాచుకున్న రికార్డులు పనికిరావాలంటే, అది మెషీనును ఏమేమి అడిగి, ఏ జవాబు నమ్మి పని చేసిందో తెలియాలి. ముఖ్యంగా తేదీల విషయంలో. ఆ సంగతికి రాబోయే ముందు తొంగిచూపు అంటే ఏమిటో చూద్దాం.

పేరు లేని అరలు

పీక్ అనగానే మన చెవికి పీకడం అని తోస్తుంది. ఇక్కడ ఎవరూ ఏదీ పీకరు. ఇంగ్లీషులో ఆ మాటకు తొంగిచూడడం అని అర్థం. దాని జంట పోక్, అంటే దూర్చడం. పీక్ మెమరీలో ఒక అరలో ఉన్న అంకెను చూసి చెబుతుంది. పోక్ ఆ అరలో వేరే అంకె పెడుతుంది. దీన్ని మన భాషలో ‘పోకు’ అని చదువుకున్నా తప్పులేదు. తెలియని అరలోకి పోకు అని!

మెమరీని వరసగా నంబర్లు వేసిన అరల బీరువా అనుకోండి. ఒక్కొక్క అరలో 0 నుంచి 255 దాకా ఏదో ఒక అంకె పడుతుంది. అంతకంటె పెద్దదైతే రెండు అరలు కావాలి. రెండో అరలోని అంకెను 256తో హెచ్చవేసి మొదటి అరలోని దానికి కలుపుకోవాలి. అరలో అంకె తప్ప పేరుండదు, చీటీ ఉండదు. ఆ అంకె తెర సంగతా, గడియారం సంగతా అన్నది చదివేవాడికే తెలిసి ఉండాలి.

1964లో డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు బేసిక్‌ను తయారు చేసినప్పుడు అందులో ఈ తొంగిచూపులు లేవు. ఒకే పెద్ద కంప్యూటరును ఎందరో విద్యార్థులు టెలిటైపుల మీద పంచుకునేవారు. పక్కవాడి అరలోకి చూసే వీలిస్తే ఇంకేమైనా ఉందా! 1977లో ఆపిల్ టూ, కమొడోర్ పెట్ వంటి ఇంటి కంప్యూటర్లు వచ్చాక పరిస్థితి మారింది. మెషీను అంతా ఒక్కరిదే. తెర ఎలాంటిది, ఏ మీట నొక్కి ఉంది, మెమరీ ఎంత అని అడగడానికి భాషలో తగిన మాటలు లేవు. కాబట్టి మెషీను తన వాడకం కోసం ఎక్కడ రాసుకుందో అక్కడికే వెళ్ళి చూడడం అలవాటైంది.

చూసినంత మాత్రాన ఏమీ కాదని కూడా అనుకోకూడదు. ఆపిల్ టూలో 49200వ అరను ఊరికే చదివితే చాలు, స్పీకరు ‘టిక్’మంటుంది. అది నిజానికి మెమరీ అర కాదు, స్పీకరుకు వెళ్ళే దారి. ఆ అరను మళ్ళీ మళ్ళీ చదివి పాటలు వాయించినవారున్నారు.

1040లో ఏముంది

1981 ఆగస్టులో ఐబిఎం పీసీ వచ్చింది. మనవాళ్ళ ఇళ్ళలోకి చేరినవి ఎక్కువగా అదీ, దాన్ని పోలిన మెషీన్లూ. స్విచ్చి వేయగానే శాశ్వత చిప్పులో ఉన్న బయోస్ అనే ప్రోగ్రాము మొదట లేస్తుంది. తనకు ఏమేమి తగిలించి ఉన్నాయో చూసుకుని, ఆ వివరాలు 1024వ అర మొదలుకుని రాసిపెట్టుకుంటుంది. డాస్, బేసిక్ ఆ తరవాత వస్తాయి.

డెఫ్ సెగ్ అంటే వీధి చెప్పడం. పీక్ పక్కన ఉన్నది ఆ వీధిలో ఇంటి నంబరు. ఒక్కొక్క వీధి ముందటి వీధికి పదహారు ఇళ్ళ అవతల మొదలవుతుంది. కాబట్టి డెఫ్ సెగ్ = 0, పీక్(1040) అన్నా, డెఫ్ సెగ్ = 64, పీక్(16) అన్నా చేరేది ఒకే ఇంటికి. 64ను 16తో హెచ్చవేస్తే 1024, దానికి 16 కలిపితే 1040. ప్రింటవుట్లలో రెండు రకాలూ కనిపిస్తాయి. రెండు వేరు వేరు సంగతులని కంగారు పడనక్కరలేదు.

రెండు ఫ్లాపీ డ్రైవులు, రంగుల తెర అడాప్టరు ఉన్న పీసీలో 1040 చదివితే 109 అని రావచ్చు. దీన్ని తూకం వేయాలి. 1, 2, 4, 8, 16, 32, 64, 128 అని ఎనిమిది తూకపు రాళ్ళు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటి ముందుదానికి రెట్టింపు. 109 తూగాలంటే 64, 32, 8, 4, 1 వేయాలి. ఇంకో విధంగా తూగదు. 1 రాయి ఉందంటే ఫ్లాపీ డ్రైవు ఉన్నట్టు. 64, 128 రాళ్ళు డ్రైవులు ఎన్నో ఒకటి తగ్గించి చెబుతాయి, 64 ఒక్కటే ఉంటే రెండు డ్రైవులు. 4, 8 రాళ్ళు తొలి పీసీలో బోర్డు మీది మెమరీ సంగతి. 16, 32 రాళ్ళు తెర సంగతి. రెండూ ఉంటే ఒకే రంగు అక్షరాల మోనోక్రోమ్ అడాప్టరు. 32 ఒక్కటే ఉంటే వరసకు 80 అక్షరాల రంగుల అడాప్టరు. 16 ఒక్కటే ఉంటే 40 అక్షరాలది.

ప్రోగ్రాములో పీక్(1040) ఆండ్ 48 అన్న లెక్క కనబడితే, అది 16, 32 రాళ్ళను మాత్రం విడిగా చూడడం. జవాబు 48 అయితే మోనోక్రోమ్, తెర మీది అక్షరాలు ఉండే వీధి 45056. కాకపోతే 47104. ఇది అడగకుండా నేరుగా తెర మెమరీలోకి పోక్ చేసిన ప్రోగ్రాము తప్పు వీధిలో రాసుకుంటూ పోతుంది. తెర మీద ఏమీ కనబడదు. ప్రోగ్రాము మాత్రం నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది.

తరచు కనిపించే మరికొన్ని ఇళ్ళ నంబర్లు ఇవి. అన్నీ సున్నా వీధిలోనివే. 1047 కీబోర్డు స్థితి: 32 రాయి ఉంటే నమ్ లాక్, 64 ఉంటే క్యాప్స్ లాక్ వేసి ఉన్నట్టు. లెక్కలు టైపు చేయించే ప్రోగ్రాములు ముందుగా దీన్ని చూసుకునేవి. 1097 తెర ఏ పద్ధతిలో ఉందో చెబుతుంది, 1098 వరసకు ఎన్ని అక్షరాలో చెబుతుంది. 1132 నుంచి నాలుగు అరలు గడియారపు టిక్కుల లెక్క, సెకనుకు దాదాపు 18.2. 1043, 1044 రెండూ కలిసి మెమరీ ఎన్ని కిలోబైట్లో చెబుతాయి. మొదటిదానిలో 128, రెండోదానిలో 2 ఉంటే 128కి 512 కలిపి 640.

ఈ ఆఖరిదానితో ఒక తమాషా ఉంది. ఆ లెక్క మొదటి మెగాబైటులో ప్రోగ్రాములకు వదిలిన భాగానికే. ఎన్ని గిగాబైట్ల మెషీనులో డాస్ నడిపినా అది 640 దాటి చెప్పదు. కొన్నిటిలో 639 అంటుంది, బయోస్ తన అవసరానికి పైనుంచి ఒక కిలోబైటు తీసుకుంటుంది కాబట్టి. అబద్ధం చెప్పడం లేదు. 1981లో అడిగిన ప్రశ్నకే ఇంకా జవాబు చెబుతోంది.

ఇల్లు మారితే

కమొడోర్ పెట్ తొలి మెషీన్లలో ఏ మీట నొక్కి ఉందో తెలియడానికి పీక్(515) అని రాసేవారు. తరవాత శాశ్వత చిప్పులు మార్చినప్పుడు ఆ సంగతి 151వ అరకు మారింది. పాత ప్రోగ్రాము కొత్త మెషీనులో కూడా 515నే చదివింది. అక్కడా ఏదో ఒక అంకె ఉంది. ఉత్తరం పాత చిరునామాకే వెళ్ళింది. ఆ ఇంట్లో కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు విప్పి చదువుకుని, తమకు తోచిన జవాబు రాసి పంపారు. “ఈ పేరుగలవారు ఇక్కడ లేరు” అని తిరుగుటపాలో రాలేదు. పీక్‌తో అసలు చిక్కు ఇదే. పొరపాటు జరిగితే పొరపాటని కబురు రాదు. మామూలుగా కనబడే అంకె వస్తుంది.

జాగ్రత్తపరులు ముందు మెషీను ఎవరో అడిగి తెలుసుకునేవారు. డెఫ్ సెగ్ = 61440 అని, పీక్(65534) చదివితే 255 వస్తే తొలి పీసీ, 254 అయితే ఎక్స్‌టి, 253 అయితే పీసీ జూనియర్, 252 అయితే ఏటి. అదే వీధిలో 65525 నుంచి ఎనిమిది అరలు చదివితే బయోస్ తయారైన తేదీ అక్షరాలుగా దొరుకుతుంది. 10/27/82 అని వస్తే 1982 అక్టోబరు 27 అన్నమాట. గమనించారా, నెల ముందు, రోజు తరవాత.

తేదీ ఎవరి వరసలో?

ఈ వరస తగువు మనకు కంప్యూటరు కంటె ముందునుంచీ ఉంది. బడిలో రోజు, నెల, సంవత్సరం అని నేర్చుకున్నాం. ఇక్కడికి వచ్చి నెల, రోజు, సంవత్సరం అని మార్చుకున్నాం. 4-3-1951 అన్నది ఇంటినుంచి వచ్చిన కాయితం మీద మార్చి 4, ఇక్కడి ఫారం మీద ఏప్రిల్ 3. రోజు 13 గాని అంతకు మించి గాని ఉంటే తికమక వెంటనే బయటపడుతుంది. రోజూ నెలా రెండూ 12 లోపు ఉండే తేదీలు ఏడాదికి 144. వాటిలో 1-1, 2-2 వంటి పన్నెండింటిని తీసేస్తే 132 మిగులుతాయి. అంటే ఏడాదిలో మూడోవంతు పైచిలుకు తేదీలు ఎటు చదివినా చెల్లుబాటవుతాయి. తప్పున్నా తప్పని తెలియదు.

డాస్‌లో ఈ వరస ఒక అమరిక. కాన్‌ఫిగ్.సిస్ అనే ఫైలులో కంట్రీ = 001 అని ఉంటే అమెరికా పద్ధతి, 044 అని ఉంటే ఇంగ్లండు పద్ధతి. ఈ అంకెలు చాలావరకు టెలిఫోను చేసేటప్పుడు తిప్పే దేశ సంఖ్యలే. 044 పెడితే డాస్ తన ఫైళ్ళ జాబితాలో రోజును ముందు చూపిస్తుంది. కాని జీడబ్ల్యు బేసిక్‌లోని డేట్$ ఆ మాట వినదు. ఏ దేశం పెట్టినా నెల, రోజు, సంవత్సరం వరసలో పది అక్షరాలే ఇస్తుంది. ఇక్కడ రాసిన ప్రోగ్రామును ఇంగ్లండులో ఉన్న బావగారి సర్జరీకి ఫ్లాపీ మీద పంపించామనుకోండి. అక్కడ చేత్తో టైపు చేసే తేదీ రోజుతో మొదలవుతుంది. ప్రోగ్రాము తనంతట తాను వేసే తేదీ నెలతో మొదలవుతుంది. ఒకే ఫైలులో రెండు వరసలు కాపురం చేస్తాయి. పిల్లవాడికి టీకా వేసింది మార్చి 4నా, ఏప్రిల్ 3నా? జాతకం వేసే ప్రోగ్రాములోనైతే చంద్రుడు ఇంచుమించు రోజుకో నక్షత్రం దాటుతాడు కాబట్టి, నెల తేడా వస్తే జన్మ నక్షత్రమే మారిపోతుంది.

దేశం అమరిక ఏమిటో తెలుసుకోవడానికి 1040 వంటి స్థిరమైన ఇంటి నంబరు లేదు. డాస్‌నే పిలిచి అడగాలి. దానికి 33వ ఇంటరప్టు, 56వ పని. జీడబ్ల్యు బేసిక్‌లో అయితే కొన్ని మెషీను ఆజ్ఞలను డేటా వాక్యాలలో అంకెలుగా రాసుకుని, పోక్‌తో మెమరీలో పేర్చి, కాల్ అనాలి. మీ ప్రింటవుట్‌లోని అలాంటి డేటా వాక్యంలో 205, 33 అని పక్కపక్కన కనబడితే అది డాస్‌ను పిలవడం అనుకోవచ్చు. క్విక్ బేసిక్ 4.5లో కాల్ ఇంటరప్టు అనే మాటే ఉంది. డాస్ జవాబును మనం చూపిన చోట రాసిపెడుతుంది. అప్పుడు దాన్ని పీక్‌తో చదువుకోవాలి. మొదటి రెండు అరలు తేదీ వరస. 0 అమెరికా, 1 ఐరోపా, 2 అయితే సంవత్సరం ముందు వచ్చే జపాను పద్ధతి.

ఇక్కడ కూడా ఇళ్ళు మారాయి. మొదటి అరను 0గా లెక్కపెడితే, పీసీ డాస్ 2.0 ఇచ్చే జవాబులో కరెన్సీ గుర్తు 2లో, వేలను విడదీసే గుర్తు 4లో, దశాంశ బిందువు 6లో ఉండేవి. డాస్ 3 నాటికి కరెన్సీ గుర్తు నాలుగు అక్షరాల దాకా పట్టేలా చోటు పెంచారు. దానితో వెనకున్నవన్నీ జరిగాయి. వేల గుర్తు 7కు, దశాంశం 9కి వెళ్ళాయి, తేదీ మధ్య గుర్తు 11లో ఉంటుంది. 2.0 కోసం రాసిన ప్రోగ్రాము డాస్ 3లో 6వ అర చదివితే దశాంశ బిందువుకు బదులు సున్నా దొరుకుతుంది. ఈ గుర్తు చిన్న విషయమేమీ కాదు. దశాంశానికి కామా వాడే ఐరోపా దేశాలలో 1,250 అంటే ఒకటింపావు. మనకు పన్నెండు వందల యాభై. మందు మోతాదు దగ్గర ఆ తేడా ఎంతో డాక్టర్లకు చెప్పనక్కరలేదు.

పెట్టె తెరిచేవారికి

మొదట ఫ్లాపీలను ఉన్నవి ఉన్నట్టుగా నకలు తీయించండి. ఏ పని చేసినా నకలు మీదే చేయండి. జీడబ్ల్యు బేసిక్ ప్రోగ్రామును మామూలుగా సేవ్ చేస్తే అది కుదించిన రూపంలో ఉంటుంది. వేరే ఎడిటరులో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ప్రోగ్రాము పాడైందని పారేయకండి. జీడబ్ల్యు బేసిక్‌లోనే తెరిచి, సేవ్ ఆజ్ఞ చివర కామా, ఏ అక్షరం చేర్చి దాచితే అక్షరాలుగా వస్తుంది. ఈనాటి 64 బిట్ల విండోస్ ఆ కాలపు 16 బిట్ల ప్రోగ్రాములను నడపదు. డాస్‌బాక్స్ వంటి ఎమ్యులేటరు కావాలి. అది 1024వ అర దగ్గరి సమాచారాన్ని కూడా తనే నింపిపెడుతుంది కాబట్టి పీక్(1040)కు జవాబు వస్తుంది. కాని ఆ జవాబు మీ లాప్‌టాపుది కాదు, డాస్‌బాక్స్ వేసుకున్న వేషానిది. అలాగే 1987లో మీ క్లినిక్కులోని మెషీనుదీ కాదు.

తరవాత ప్రోగ్రాములోని పీక్‌లన్నిటినీ ఒక కాయితం మీద రాయండి. వీధి ఏది, ఇల్లు ఏది, వచ్చిన అంకెతో ప్రోగ్రాము ఏం చేసింది అని మూడు గడులు చాలు. తెర, కీబోర్డు, మెమరీ గురించినవైతే వాటిని వదిలేయవచ్చు. కొత్త మెషీనుకు వాటి అవసరం లేదు. తేదీ, దశాంశం, కరెన్సీ గురించినవి ఉంటే వదలకూడదు, రికార్డుల అర్థం వాటిమీద ఆధారపడి ఉంది. పాత కాన్‌ఫిగ్.సిస్ ఫైలు దొరికితే బంగారమే. కంట్రీ వాక్యం ఉందేమో అందులో చూడండి. దొరకకపోతే రికార్డులలో 12 దాటిన అంకె ఎక్కడ వస్తోందో చూడండి. మొదటి స్థానంలో వస్తే రోజు ముందు, రెండో స్థానంలో వస్తే నెల ముందు. రెండు చోట్లా వస్తే రెండు వరసలూ కలిసిపోయినట్టే. అప్పుడు ఇంట్లోవాళ్ళ పుట్టినరోజుల వంటి రూఢిగా తెలిసిన తేదీలతో సరిచూసుకుని గాని ముందుకు వెళ్ళకూడదు. కొత్త ఫైలులోకి ఎక్కించేటప్పుడు సంవత్సరం, నెల, రోజు వరసలో 1951-03-04 అని రాస్తే ఏ దేశంవారికీ తగువుండదు.

మైక్రోసాఫ్ట్ వారు 2020 మేలో జీడబ్ల్యు బేసిక్ మూల ప్రోగ్రామును, 1983 నాటిదాన్ని, అందరూ చదువుకోవడానికి బయట పెట్టారు. కాబట్టి భాష ఎలా పని చేసిందో ఇక రహస్యం కాదు. ఐబిఎం అరల నంబర్లు పాత పుస్తకాలలో అచ్చై ఉన్నాయి. ఎక్కడా అచ్చు కానిది ఒక్కటే. మీ నాన్నగారో, మామయ్యగారో ఆ ప్రోగ్రామును ఏ మెషీను ముందు కూర్చుని, ఎవరి వాడకం కోసం రాశారు, తేదీలు టైపు చేసింది ఎవరు అన్న సంగతి. అది ఏ అరలోనూ లేదు, వారి జ్ఞాపకంలోనే ఉంది.

బేసిక్‌లో రెమ్ అని ఒక మాట ఉంది. ఆ వాక్యంలో ఏం రాసినా మెషీను పట్టించుకోదు. అది చదివే మనిషి కోసం. ఆనాడు మెమరీ చాలక, రెమ్ వాక్యాలు తీసేసి ప్రోగ్రాములు బిగించి రాసినవారు ఎందరో. ఈ వేసవి సెలవులకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఆ ప్రింటవుట్ భోజనాల బల్ల మీద పరిచి, పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క పీక్ పక్కన పెన్సిలుతో ఆ రెమ్‌లు ఇప్పుడు రాయించండి. తెలుగులో రాసినా ఫరవాలేదు. మెషీను ఎలాగూ చదవదు.